నీళ్ళకు చెప్పే పేర్లు

మనుషులు కాపురాలు చేసిన చోటును నిర్జన ప్రదేశమని బోర్డు మీద రాయడానికి ఎంత ధైర్యం కావాలో నాకిప్పటికీ అర్థం కాదు. ఆకుపచ్చ రేకు మీద తెల్లని అక్షరాలు. బాపట్ల నుంచి నిజాంపట్నం వైపు పోయే రోడ్డు దిగి, ఇసుక బాటలో ఆటో ఇక నా వల్ల కాదని ఆగిపోయిన చోట, వెదురు గేటు పక్కన దాన్ని నిలబెట్టారు. పూర్వం ఇది నిర్జనమైన తీరప్రాంత పచ్చిక బయలనీ, రొయ్యల చెరువుల వల్ల చెడిపోయిన ఈ నేలనూ ఇందులోని చెరువునూ మళ్ళీ పూర్వస్థితికి తెస్తున్నామనీ, వచ్చినవాళ్ళు పువ్వులు కోయరాదనీ, నేల తవ్వరాదనీ, నిశ్శబ్దం పాటించాలనీ అందులో ఉంది.

నేను బడికి వెళ్ళింది తక్కువ. తెనాలిలో ఒక అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చే పనిలో కుదిరి, తలకిందులుగా ఉన్న అక్షరాలు చదవడం నేర్చుకున్నాక మామూలు అక్షరాలు వాటంతటవే వచ్చాయి. పంచాంగాలు, పెళ్ళిపత్రికలు, సినిమా కరపత్రాలు, వేదాంతం, ఎన్నికల దూషణలు, చేతికి ఏదొస్తే అది పేరుస్తూ చదివాను. అందుకే రాసిన మాట మీద నాకు పట్టింపు ఎక్కువ. నోటితో అన్న మాటను జనం మర్చిపోతారు. రాసిన మాటను నమ్ముతారు. ఆ బోర్డు చదివిన పిల్లలు అక్కడ ఏనాడూ ఎవరూ లేరనే అనుకుంటారు.

కళ్ళజోడు సంచిలో ఉండిపోయిన నా భార్య, "ఏం రాశారండీ?" అని అడిగింది.

"పువ్వులు కోయొద్దట. గోల చెయ్యొద్దట" అన్నాను. మిగతాది చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు. ఆవిడ పుట్టింది ఆ గేటుకు అవతలే.

అక్కడొక పల్లె ఉండేది. దాని పేరు నేనిక్కడ రాయను. ఎవరి పేరూ రాయను. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

పల్లె అంటే తాటాకు ఇళ్ళ గుంపు. సముద్రం చప్పుడు వినిపిస్తుంది, చూడాలంటే మాత్రం ఇసుక తిప్ప ఎక్కాలి. తెనాలి నల్లమట్టిలో పుట్టి పెరిగిన నాకు, పెళ్ళిచూపులకు వెళ్ళిన రోజున, ఇంత ఇసుకలో ఈ మనుషులు ఏం పండించి ఏం తింటారో బోధపడలేదు. వంగనారు, మిరపనారు పోసేవాళ్ళు. చిలగడదుంప, వేరుశనగ వేసేవాళ్ళు. వాటికి నీళ్ళు దొరువుల్లోంచి మోసేవాళ్ళు.

దొరువంటే బావి కాదు, చెరువూ కాదు. ఇసుకలో వాలుగా, పళ్ళెంలాగా తీసిన గుంట. కడవ చంకన పెట్టుకుని నీళ్ళ దాకా నడిచి దిగొచ్చు. ఆ నేలలో వాననీళ్ళు ఉప్పునీళ్ళ మీద మీగడలాగా తేలి ఉంటాయి. ఆ మీగడ వరకే తవ్వాలి. ఆశకొద్దీ ఇంకాస్త లోతుకు పోయారా, కింది ఉప్పు పైకి వచ్చి దొరువంతా చెడుతుంది. పిల్లలకు నడక నేర్పేటప్పుడే ఈ సంగతీ నేర్పేవాళ్ళు.

వానలకు అంచులు జారి దొరువులు పూడిపోయేవి. వానలు వెనకబట్టాక, కార్తీకంలో, ఇంటిల్లిపాదీ కలిసి మళ్ళీ తీసుకునేవాళ్ళు. కొత్త నీరు ఊరగానే మొదటి కడవ ఎవరూ తాగరు, మొక్కకూ పొయ్యరు. ఆ ఇంటి ఆడమనిషి నీళ్ళలో నిలబడి, ఒక గుక్క నోట్లో పోసుకుని రుచి చూసి, ఆ ఇంట్లో పోయినవాళ్ళ పేర్లు పెద్దల దగ్గర్నుంచి ఒక్కొక్కటే చెబుతూ, ముంచిన నీళ్ళను మళ్ళీ ఆ నీళ్ళలోకే ధారగా వదిలేది. పేరు విన్నవాళ్ళు ఆ పూట వచ్చి నీళ్ళు తాగి వెళతారని వాళ్ళ నమ్మకం. ఇది ఏ శాస్త్రంలో ఉందని నేను మా అత్తగారిని అడిగాను. కొత్త అల్లుణ్ణి, పైగా నాలుగు పుస్తకాలు చదివానన్న మిడిసిపాటు. ఆవిడ కడవ దించకుండానే, "శాస్త్రంలో ఎందుకుంటుంది నాయనా, శాస్త్రం రాసినాయన ఇక్కడ నీళ్ళు మొయ్యలేదుగా" అంది.

పేరు చెప్పడమంటే మాటలు కాదు. ఒకసారి చెబితే ఇక తిరుగులేదు. ఆ పల్లెలోనే ఒకావిడ మొగుడు విశాఖపట్నం పనికని పోయి, అక్కడే ఇంకో ఆవిణ్ణి చూసుకున్నాడని కబురొచ్చింది. ఈవిడ ఆ ఏడు కొత్త నీటికి అత్తమామల పేర్లు చెప్పి, ఆ వెంటనే మొగుడి పేరూ చెప్పేసింది. మరుసటి ఏటికి ఆయన రేకు పెట్టె పట్టుకుని దిగాడు. నీ పేరు నీళ్ళకు చెప్పేశాను, ఇప్పుడు నీకు అన్నం పెడితే తిన్నది ఎవరని చెప్పుకోమంటావ్ అని ఆవిడ తడిక మూసుకుంది. పెద్దమనుషులు వెళ్ళి ఎంత బతిమాలినా వినలేదు. ఆయన చివరికి అదే పల్లెలో చెల్లెలి పంచన ఉండిపోయాడు. పిల్లలు కూడా ఆయన ఎదురైతే, "ఏం మావా, తాగెళ్ళడానికి వచ్చావా?" అని ఆటపట్టించేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు. ఇంకేం చేస్తాడు.

మా పెళ్ళయిన మరుసటి ఏడు ఉప్పెన వచ్చింది. నా భార్య అప్పుడు తెనాలిలో నా దగ్గరే ఉంది. మా మామగారు అంతకు చాలాముందే పోయారు. అత్తగారు ఒక్కతే పల్లెలో ఉంది. ఈవిడ ఒక్కతే కూతురు.

దారులు తెరిచాక నేను వెళ్ళాను. ఘోరాలు చూడాల్సి వస్తుందని గుండె రాయి చేసుకుని వెళ్ళాను. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. ఇన్నేళ్ళుగా నన్ను వెంటాడుతున్నది ఆ ఏమీ లేకపోవడమే. ఇళ్ళు లేవు, వాటి గుంజలు లేవు, దొరువులు లేవు. ఎవరో చేత్తో నిమిరి సర్దినట్టు ఇసుక నున్నగా పరుచుకుని ఉంది. ఒకవైపుకి వంగిన రెండు తాటిచెట్లు మాత్రం మిగిలాయి. నా అడుగులు ఆ ఇసుకలో పడుతుంటే ఎవరి ఇంట్లోకో చెప్పులతో వెళుతున్నట్టు అనిపించి, విడిచి చేత్తో పట్టుకున్నాను. దొరికినవాళ్ళను దొరికిన చోటనే, ఎవరెవరో అని తెలియకుండానే, సాగనంపేశారని చెప్పారు. మా అత్తగారిని ప్రాణంతో చూసినవాళ్ళూ లేరు, ప్రాణం పోయాక చూసినవాళ్ళూ లేరు.

తిరిగి వచ్చి చెబితే నా భార్య ఏడవలేదు. "మీరు చూశారా?" అంది. లేదన్నాను. "మరైతే?" అంది.

ఆ 'మరైతే' మా ఇంట్లో మాతో పాటే కాపురం చేసింది. పురోహితుడు దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించవచ్చన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. చూడకుండా పోయిందని ఎట్లా చెప్తానండీ, ఎక్కడన్నా ఉంటే ఏం కాను అనేది. మొదట్లో బతిమాలాను, తర్వాత కేకలేశాను, ఆ తర్వాత ఊరుకున్నాను. తెనాలి గంజ్ బజారులో కూరలు కొంటూ కొంటూ సంచి నా చేతిలో పెట్టి ఎవరో ఒకావిడ వెనకే వెళ్ళిపోయేది. కడవ మోసే మనిషికి నడుము ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. అట్లా నడిచే ఆడవాళ్ళు కనిపిస్తే చాలు. వెళ్ళి, ముఖం చూసి, ఏమీ జరగనట్టు తిరిగి వచ్చి వంకాయలు ఏరుకునేది. నాకు వణుకు పుట్టించే సంగతి ఇంకొకటి. మా అత్తగారు ఆ ఏటికి నలభై దాటి ఎన్నో ఏళ్ళు కాలేదు. నా భార్యకిప్పుడు డెబ్బై దగ్గరపడుతోంది. ఈవిడ మాత్రం ఇంకా నలభై ఏళ్ళ ఆడవాళ్ళ ముఖాలే చూస్తుంది. అమ్మ కోసం కూతుళ్ళ వయసువాళ్ళలో వెతుకుతుంది. ఆ లెక్క తప్పని చెప్పబోయి ఎన్నోసార్లు నోరు మూసుకున్నాను.

ఈలోగా ఆ నేల చేతులు మారింది. బతికి బయటపడ్డ ఒకరిద్దరు మగవాళ్ళు పొన్నూరు వైపు కూలికి వెళ్ళిపోయారు. మనిషన్నవాడు లేని ఇళ్ళ స్థలాలకు సంతకాలు ఎవరు పెట్టారో, ఎవరి వేలిముద్రలు వేయించారో నాకు తెలియదు. అడిగిన నాథుడు లేడు. కట్టలు పోసి, సముద్రపు నీళ్ళు తోడి, రొయ్యలు పెంచారు. ఉప్పెన ఒక్క రోజు తెచ్చిన ఉప్పును వీళ్ళు ఏళ్ళ తరబడి తెచ్చి నింపారు. రొయ్యలకు జబ్బు తగిలాక కట్టలు, విరిగిన ఇంజన్లు వదిలేసి పోయారు. ఇప్పుడు ఎవరో చదువుకున్నవాళ్ళు కలిసి ఆ నేల తీసుకుని, కట్టలు కొట్టించి, గడ్డి మొలిపించి, చెరువు తవ్వించి, పక్షులకూ పురుగులకూ వదిలేశారు. మంచి పనే. నేను కాదనను.

బాపట్లలో చుట్టాల ఇంటికి వెళ్ళి, అటుగా ఆ చోటు చూసొచ్చిన మా పక్కింటావిడ ఫోన్‌లో ఫోటోలు చూపించింది. నా భార్య ఆ ఫోన్ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. చెరువు వెనక వంగిన జంట తాటిచెట్లు. "అది మా దొరువు" అంది. తర్వాత కొన్నాళ్ళు ఆ ఊసే ఎత్తలేదు. ఒకరోజు అన్నం వడ్డిస్తూ, "కార్తీకం వచ్చిందిగా. ఒకసారి తీసుకెళ్ళండి, నీళ్ళు చూసొద్దాం" అంది.

బయలుదేరే రోజు ఆవిడ సంచిలో చెంబు పెట్టుకోవడం చూశాను. వాళ్ళమ్మ పేరు నీళ్ళకు చెప్పడానికి ఇన్నేళ్ళకు సిద్ధపడింది. చెబితే ఇక ఏ బజారులోనూ ఎవరి వెనకా వెళ్ళనక్కర్లేదు. నేను ఇన్నేళ్ళూ కోరుకున్నది అదే. కోరుకున్నది జరగబోతుంటే భయమెందుకు వేసిందో చెప్పలేను.

తెనాలిలో పాసింజరెక్కి బాపట్లలో దిగాం. దారంతా కోతకొచ్చిన చేలు. ఆవిడ కిటికీ వైపు కూర్చుని కూడా బయటికి చూడలేదు.

గేటు దగ్గర చూసుకునేది ఒక అమ్మాయి. రేపల్లెలో డిగ్రీ చదివిందట, రోజూ స్కూటీ మీద వచ్చి వెళుతుందట. తాతగారూ, మామ్మగారూ అంటూ ఎదురొచ్చి కుర్చీలు వేసింది. నేను కూర్చోకుండానే బోర్డు చూపించి, ఆ నిర్జనం అన్న మాట ఎవరు రాశారని అడిగాను. వాళ్ళ సార్ రాశారంది. పాత మ్యాపుల్లో ఇళ్ళేమీ లేవండి అంది.

"తాటాకు ఇళ్ళకు మ్యాపులో చోటివ్వరమ్మా" అన్నాను. గొంతు పెంచానేమో, నా భార్య చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఆ అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుని, సార్‌కి తప్పకుండా చెప్తానండి అంది. చెప్పలేదో, చెప్పినా ఆయన వినలేదో, ఆ మాట ఇంకా అక్కడే ఉందని ఈమధ్య వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పారు.

లోపల బాగుంది. బాగుందనే చెప్పాలి. నడుము ఎత్తు గడ్డి గాలికి ఒకే వైపుకు వాలి లేస్తోంది. ఇసుక మీద బాలబందితీగ ఊదారంగు పూలతో పాకి ఉంది. గడ్డిలోంచి చిన్న చిన్న పిట్టలు లేచి, మా ముందు వాలి, మళ్ళీ లేస్తున్నాయి. నేను చివరిసారి చూసిన నున్నటి ఇసుక మీదికి ఇంత ప్రాణం వచ్చిందని సంతోషపడాల్సింది. నాకు ఎందుకో నిద్రపోతున్నవాళ్ళ మీద దుప్పటి కప్పినట్టు అనిపించింది.

చెరువు చుట్టూ రాళ్ళు పేర్చారు. కలువలు, వాటి మీద తూనీగలు, అవతలి ఒడ్డున కొంగలు. నా భార్య అంచున కూర్చుని చెయ్యి ముంచి నోట్లో పోసుకుంది. ఊసేసింది. రెండు రాళ్ళ సందులో నల్లగా ఏదో కనిపిస్తే వేలితో లాగి చూసింది. ప్లాస్టిక్ పట్టా.

ఆ అమ్మాయి దాచకుండా చెప్పింది. పొక్లెయిన్ పెట్టి రెండు నిలువుల లోతు తవ్వించారట. ఉప్పునీళ్ళు ఎగదన్నాయట. చేసేదేం లేక అడుగున పట్టా పరిచి, కాలవ నీళ్ళు మోటారుతో నింపారట. "చేపలు బానే బతుకుతున్నాయండి. పక్షులు కూడా వస్తున్నాయండి" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అడగడానికి ఒక్క మనిషి దొరక్కపోయాడా అన్నాను. అన్నాక తట్టింది, అడుగుదామన్నా ఎవరున్నారని. నా భార్య నా కోపం పట్టించుకోలేదు. చేతులు చీరకు తుడుచుకుని, "ఇవి కాలవ నీళ్ళండీ. వీటికేం తెలుసు" అని లేచి నిలబడింది. తాటిచెట్ల వైపు చాలాసేపు చూసింది. తర్వాత గడ్డిలోకి దిగి నడవడం మొదలుపెట్టింది.

ఆ నడక నేను బతికున్నంతకాలం మర్చిపోలేను. ఎదురుగా ఏ అడ్డూ లేని బయలు. తిన్నగా పోవచ్చు. ఆవిడ తిన్నగా పోలేదు. నాలుగడుగులు వేసి కుడికి తిరిగింది. కొంచెం పోయి, ఒక చోట పక్కకు ఒదిగి, దేన్నో తప్పించుకున్నట్టు నడిచి, మళ్ళీ ఎడమకు తిరిగింది. ఒక చోట తల వంచి, చూరు కింద నుంచి దూరినట్టు దాటింది. నేనూ వెనకే నడిచాను. ఆవిడ తిరిగిన చోటల్లా తిరిగాను. తల వంచిన చోట నేనూ వంచాను. ఆ పని చేశానని నాకు దాటాక గానీ తెలియలేదు.

ఆ అమ్మాయి గబగబా నా పక్కకు వచ్చి, "మామ్మగారు అట్లా వంకర్లు తిరుగుతారేంటండీ? కళ్ళు సరిగ్గా కనపడవా?" అని గొంతు తగ్గించి అడిగింది.

"అక్కడ గోడ ఉందమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. ఆ తర్వాత తనూ మా వెనకే, మేము వేసిన అడుగుల్లోనే వచ్చింది.

గడ్డి పొట్టిగా ఉన్న ఒక పల్లపు చోట నా భార్య ఆగింది. చుట్టూ చూసి, "ఫోటోలో పొరపడ్డాను, మా దొరువు ఇక్కడ" అని, కొంగు దోపుకుని, చతికిలబడి, రెండు చేతులతో ఇసుక తీయడం మొదలుపెట్టింది. తవ్వకూడదండి అని ఆ అమ్మాయి అడ్డం వచ్చింది. నా భార్య తలెత్తలేదు. నేను ఒకటి అన్నాను, ఆ అమ్మాయి ఒకటి అంది. పాపం, దాని ఉద్యోగం దానిది. వాళ్ళ సార్‌కి ఫోన్ చేసింది. అవతల ఆయన గొంతు నాకూ వినిపిస్తోంది. ఒకరికి ఒప్పుకుంటే అందరికీ ఒప్పుకోవాలంటున్నాడు. ఆ అమ్మాయి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నా భార్య చేతుల వంక చూస్తోంది. వేళ్ళ సందుల్లో ఇసుక, గాజుల మీద ఇసుక. కాసేపటికి, "తవ్వట్లేదండి సార్. మామ్మగారు కూర్చుని ఇసుకతో ఆడుకుంటున్నారంతే" అని పెట్టేసింది.

మోచెయ్యి లోతు కూడా పోకముందే ఇసుక తడిసింది. నా భార్య అక్కడితో ఆపేసింది. అడుగున ముందు మసగ్గా, తర్వాత తేటగా నీరు ఊరింది. చెలమలో నీరు ఊరడం చూస్తుంటే ఎవరో లోపలి నుంచి కళ్ళు తెరుస్తున్నట్టు ఉంటుంది. గాలి ఆగిందో, నాకే వినపడటం మానేసిందో, ఆ కాసేపు చప్పుడన్నది లేదు.

ఆవిడ చెంబుతో కొంచెం తీసుకుని నోట్లో పోసుకుంది. చప్పరించింది. మింగింది. చెంబు నాకిచ్చింది. నేనూ తాగాను. ఉప్పగానే ఉన్నాయి, కానీ తాగలేనంత కాదు. ఉప్పు ఎక్కువైన మజ్జిగ నీళ్ళలాగా ఉన్నాయి. వానకు వాన కడిగితే నేలలో ఉప్పు తగ్గుతుందండి, మా సార్ పరీక్ష చేయిస్తూ ఉంటారు, ఇంకో నాలుగైదు వానాకాలాలు పట్టొచ్చన్నారు అని ఆ అమ్మాయి చెప్పింది.

నా భార్య చెంబు ముంచింది. పేర్లు మొదలుపెట్టింది.

మొదట వాళ్ళ తాత, నాయనమ్మ, నాన్న. ఒక్కో పేరుకూ సన్నటి ధార. తర్వాత మా అత్తగారి పేరు రావాలి. ఆవిడ చెంబు మళ్ళీ ముంచి, పక్కింటివాళ్ళ పేరు చెప్పింది.

ఆ ఇంటి మనుషులు అయ్యాక ఆ పక్క ఇల్లు. ఆ తర్వాత సందుకు అవతలి ఇల్లు. ఏ ఇంట్లో ఎవరు పెద్దో, ఎవరి చంకన ఎంత పిల్ల ఉందో, ఊయల్లో ఉన్నవాళ్ళకు పేరు పెట్టకపోతే 'ఫలానా ఆమె పసిబిడ్డ' అని, ఇంటికి ఇల్లు, గడపకు గడప చెప్పుకుంటూ పోయింది. చెబుతూ ఆ ఇల్లు ఉన్న వైపు తల తిప్పేది. ఆవిడ తల ఎటు తిరిగితే మేమూ అటు చూశాం. ఆ గడ్డి మీద ఒక్కొక్క ఇల్లే లేచి నిలబడినట్టయింది. వీళ్ళందరి పేర్లు చెప్పడానికి ఆ ఇళ్ళలో ఒక్క ఆడమనిషి కూడా మిగల్లేదని నాకు అప్పుడే తట్టింది. ఇన్ని కార్తీకాలుగా వీళ్ళను ఎవరూ నీళ్ళకు పిలవలేదు. విశాఖపట్నం నుంచి తిరిగొచ్చిన ఆయన వంతు వచ్చినప్పుడు ఆగి, "ఈయనకిది రెండోసారి" అని చిన్నగా నవ్వింది. ఆయనకు తలుపు మూసిన ఆవిడ పేరును ఆ వెంటనే చెప్పింది.

ఆ అమ్మాయి ఎప్పుడో చెప్పులు విడిచేసింది. పొద్దు పడమటికి వాలుతోంది. చివరి ఇల్లు అయింది. నా భార్య చెంబు ఇసుక మీద బోర్లించి చేతులు దులుపుకుంది.

"అయిపోయిందా మామ్మగారూ?" అని అడిగింది ఆ అమ్మాయి.

"అయిపోయిందమ్మా."

నాకు ఆగలేదు. ఇంత దూరం వచ్చింది ఏ పేరు కోసం, చెప్పిన పేర్లేంటి? "మీ అమ్మ?" అన్నాను. గట్టిగానే అన్నాను.

ఆవిడ నా వంక వింతగా చూసింది, తెలియనివాణ్ణి చూసినట్టు. "మర్చిపోయారా? మన పెళ్ళికి తెనాలొచ్చి, కాలవ నీళ్ళు గొంతు దిగట్లేదని రెండ్రోజులూ మజ్జిగే తాగింది. ఈ నీళ్ళు మా అమ్మ తాగదండీ" అంది.

"మిగతావాళ్ళు తాగుతారా?"

"వాళ్ళు సర్దుకుంటారు. ఎన్నాళ్ళ దాహమో." చెంబు తీసి సంచిలో పెట్టుకుంటూ, "తియ్యగా అవనివ్వండి, అప్పుడు చెప్తాను" అంది.

ఇంకో నాలుగైదు వానాకాలాలు. మా ఇద్దరి వయసూ కలిపి చూసుకుంటే ఆ మాట అనడానికి ఎంత మొండితనం కావాలి? ఇన్నేళ్ళ కోపం ఒక్కసారిగా పైకొచ్చింది. తిడదామనే నోరు తెరిచాను. ఆవిడ ముఖంలో నేను ఎప్పుడూ చూడని నిమ్మళం ఉంది. ఊళ్ళో అందరికీ పెట్టి, తన మనిషికి మాత్రం మంచిది వండి పెడదామని అట్టేపెట్టుకున్న ఇల్లాలి ముఖంలా ఉంది. కనీసం ఆ గుంట పూడ్చేద్దామని వంగాను. చూసేందుకు వచ్చిన పిల్లల కాలు పడితే ఆ అమ్మాయికి మాటొస్తుంది.

"పూడ్చకండి" అంది నా భార్య. "పిలిచి, తలుపేస్తారా? ఇటు రండి. అటు తిరగండి. తాగేవాళ్ళను చూడకూడదు."

చెలమకు వీపు పెట్టి, సముద్రం ఉన్న వైపు తిరిగి నిలబడింది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఏమనుకుందో, ఆ అమ్మాయి కూడా వచ్చి ఆవిడకు అటువైపు నిలబడింది. మా వెనక గడ్డి కదులుతున్న చప్పుడు. గాలికే కదిలి ఉంటుంది. ఆగుతోంది, మళ్ళీ కదులుతోంది, ఒకరి తర్వాత ఒకరు తోవ చేసుకుంటున్నట్టు. సాయంత్రాలు అటు దొరికేది రేపల్లె బస్సొక్కటే, అది రోడ్డు మీదికి వచ్చే వేళయింది. అది తప్పితే రేపల్లెలో తెనాలి రైలు అందదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

"ఎంతసేపుండాలండీ ఇట్లా?" అని ఆ అమ్మాయి గుసగుసగా అడిగింది.

"ఊరంతా తాగాలమ్మా. పడుతుంది మరి" అంది నా భార్య.